క్రామ్‌జోర్గ్ రివ్యూ: అమ్మ వస్తోంది కదా అని గంటలు తగ్గించుకోకండి

నెదర్లాండ్స్‌లో ఉంటూ బేబీ కోసం ఎదురుచూస్తున్న మనవాళ్ళ కోసం, కాన్పయ్యాక ఇంటికే వచ్చి తల్లీబిడ్డల్ని చూసుకునే ఇక్కడి క్రామ్‌జోర్గ్ సర్వీస్ గురించి రాస్తున్నా. నేను కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఇక్కడి తెలుగువాళ్ళ దగ్గర తరచూ విన్న మాట ఒకటుంది, "అమ్మ వస్తోందిగా, ఇంక క్రామ్‌జోర్గ్ ఎందుకు, ఎవరో తెలియని ఆవిడ ఇంట్లో తిరుగుతుంటే మనకే ఇబ్బంది, కనీస గంటలు పెట్టించుకుంటే సరిపోద్ది" అని. మేము పూర్తి గంటలు తీసుకున్నాం, అమ్మ ఇంట్లో ఉండగానే తీసుకున్నాం, ఇప్పుడు ఎవరు అడిగినా ఇదే చెప్తున్నా, ఒక్క గంట కూడా వదులుకోకండి. ఎందుకో వివరంగా చెప్తా, మాకు నచ్చనివి కూడా ఉన్నాయి, అవీ చెప్తా.

కొత్తగా వచ్చినవాళ్ళకి ముందు సంగతేంటో చెప్పాలి. డెలివరీ అయిన దగ్గర్నుంచి మొదటి 8 రోజులు, అవసరాన్ని బట్టి 10 రోజుల దాకా, ట్రైనింగ్ అయిన ఒకావిడ రోజూ ఇంటికొచ్చి తల్లినీ బిడ్డనీ చూసుకుంటుంది, ఇదే క్రామ్‌జోర్గ్. ఆవిడ డాక్టర్ కాదు, మిడ్‌వైఫ్ కాదు, పనిమనిషి అస్సలు కాదు. జ్వరం చూడటం, కుట్లు చూడటం, పాలు పట్టించడం నేర్పడం, బేబీకి స్నానం, బరువు, ఇవన్నీ రోజూ ఒక ఫైల్‌లో రాయడం, దాంతోపాటు బాత్రూమ్ శుభ్రం చేయడం, బేబీ బట్టలు వాషింగ్ మెషిన్లో వేయడం, తల్లికి తినడానికి ఏదో ఒకటి చేతికివ్వడం. మిడ్‌వైఫ్ ఆ వారంలో మధ్యమధ్యలో వచ్చి ఆ ఫైల్ చూసి, మనల్ని చూసి వెళ్తుంది. బేసిక్ హెల్త్ ఇన్సూరెన్స్‌లోనే ఉంటుంది ఇది, అదనంగా ఏ ప్యాకేజీ కొనక్కర్లేదు.

ఇక్కడ ఇది ఎందుకంత అవసరమంటే, హాస్పిటల్‌లో డెలివరీ అయినా అంతా బాగుంటే కొన్ని గంటల్లోనే ఇంటికి పంపించేస్తారు. మనకి ఇండియాలో నార్మల్ డెలివరీ అయినా రెండు మూడు రోజులు హాస్పిటల్‌లో ఉంచడం అలవాటు కదా, ఇక్కడ తెల్లారి డెలివరీ అయితే మధ్యాహ్నానికల్లా కార్ సీట్లో బేబీని పెట్టుకుని ఇంటి మెట్లెక్కుతూ ఉంటాం, చేతిలో ఎవరూ ఏమీ నేర్పని పసిగుడ్డు. ఈ పద్ధతి మొత్తం క్రామ్‌జోర్గ్ ఉంటుందన్న లెక్క మీదే నడుస్తుంది, అందుకే అంత ధైర్యంగా పంపేస్తారు. అది వద్దనుకుని హాస్పిటల్ నుంచి త్వరగా వచ్చేయడం ఒక్కటే తీసుకుంటే మాత్రం కష్టం. సిజేరియన్ అయినవాళ్ళు కొంచెం ఎక్కువ రోజులు హాస్పిటల్‌లో ఉంటారు, ఆ రోజులు క్రామ్‌జోర్గ్ రోజుల్లోంచి తగ్గుతాయి, అది గుర్తుపెట్టుకోండి.

డబ్బుల సంగతి. బేసిక్ ఇన్సూరెన్స్ కట్టినా గంటకి కొంత మన జేబులోంచి పోతుంది, మా బాబు పుట్టిన 2024లో అది గంటకి 5 యూరోల 10 సెంట్లు, ఏటా కొంచెం మారుతూ ఉంటుంది. కనీసం 24 గంటలు, గరిష్టంగా 80 గంటలు, అప్పట్లో మామూలుగా తల్లిపాలు ఇచ్చేవాళ్ళకి 49 గంటలు రాసేవారు, మాకూ అంతే రాశారు. లెక్కేస్తే 250 యూరోలు. మొత్తం చూసి కొంతమంది వెనకాడతారు కానీ ఇక్కడ గంటకి ఆ రేటుకి ఇల్లు ఊడ్చే మనిషి కూడా దొరకదు, అలాంటిది ట్రైనింగ్ అయిన మనిషి వస్తోంది. ఇంకో విషయం, 385 యూరోల ఎయిఖెన్ రిసికో, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టే ముందు ఏటా మనమే పెట్టుకోవాల్సిన మొత్తం, దీనికి వర్తించదు, మిడ్‌వైఫ్‌కి కూడా వర్తించదు, బ్లడ్ టెస్టులకీ అంబులెన్స్‌కీ మాత్రం వర్తిస్తుంది, బిల్ వచ్చినప్పుడు కంగారు పడకుండా ముందే తెలుసుకుని ఉండండి. ఆ గంటల డబ్బులు కూడా కట్టేసే అడిషనల్ ఇన్సూరెన్స్‌లు కొన్ని ఉన్నాయి, కానీ ఇన్సూరెన్స్ మార్చుకోవడం ఏడాది చివర్లోనే కుదురుతుంది, డిసెంబర్ 31 లోపు పాతది క్యాన్సిల్ చేసుకోవాలి. కాబట్టి వచ్చే ఏడాది బేబీ ప్లాన్ ఉన్నవాళ్ళు డిసెంబర్‌లోనే భార్యాభర్తలిద్దరూ కూర్చుని ప్యాకేజీలు పక్కపక్కన పెట్టుకుని చూసుకోండి. కొన్ని ప్యాకేజీల్లో క్రామ్‌పకెట్ అని ఒక పెద్ద డబ్బా ఇంటికే పంపిస్తారు, ప్యాడ్‌లు, మంచం మీద వేసే షీట్లు, దూది, బొడ్డు క్లిప్పు దాకా అన్నీ అందులోనే ఉంటాయి, విడిగా కొనే తలనొప్పి ఉండదు.

క్రామ్‌జోర్గ్ మనుషుల్ని పంపే ఏజెన్సీలో రిజిస్ట్రేషన్ ఎంత తొందరగా చేసుకుంటే అంత మంచిది. మొదటి స్కాన్ అవ్వగానే, మూడో నెలలోనే చేసేసుకోండి. దేశమంతా ఈ పనికి మనుషులు చాలట్లేదు, ఆలస్యమైతే దగ్గర్లో ఉన్న ఏజెన్సీలు మేము తీసుకోలేం అంటాయి, ముఖ్యంగా వేసవి సెలవుల్లోనూ క్రిస్మస్ టైమ్‌లోనూ డెలివరీ డేట్ ఉన్నవాళ్ళకి. ఏడెనిమిదో నెలలో ఇన్‌టేక్ అని ఒక మీటింగ్ పెడతారు, ఇంటికొచ్చి గానీ ఫోన్‌లో గానీ. ఆ మీటింగ్‌లోనే గంటలు నిర్ణయిస్తారు. మనవాళ్ళు ఇక్కడే "మా అమ్మ ఉంటుంది, సాయం ఉంది" అని గొప్పగా చెప్పేస్తారు, అవతల రాసుకునే ఆవిడ అది విని గంటలు తగ్గించవచ్చు కదా అంటుంది, మనం సరే అనేస్తాం. అమ్మ ఉంటుందన్నది నిజమే, దాచక్కర్లేదు, కానీ అమ్మకి డచ్ రాదు, ఇక్కడి మిడ్‌వైఫ్‌తో ఫోన్‌లో మాట్లాడలేదు, ఇది మా మొదటి కాన్పు, మాకు పూర్తి గంటలు కావాలి అని మా ఆయన గట్టిగా చెప్పారు, వాళ్ళూ వెంటనే ఒప్పుకున్నారు.

ఆ మీటింగ్‌లో ఇంట్లో ఏమేం ఉండాలో కూడా ఒక లిస్ట్ ఇస్తారు. అందులో మనకి వింతగా అనిపించేది మంచం ఎత్తు. పరుపు పైభాగం నేల నుంచి సుమారు 80 సెంటీమీటర్లు ఉండాలి, లేకపోతే కాళ్ళ కింద దిమ్మలు పెట్టి లేపాలి. వచ్చే ఆవిడ రోజంతా వంగి పనిచేస్తే నడుం పోతుందని వాళ్ళ ఉద్యోగ నియమం అది. ఆ దిమ్మలు హోమ్‌కేర్ సామాన్ల షాపులో అద్దెకిస్తారు. మొదట మా ఆయన "ఇదేం పట్టింపు" అన్నారు గానీ కుట్లతో ఉన్నప్పుడు ఎత్తు మంచం మీంచి కాళ్ళు జారవిడిచి లేవడం ఎంత సుఖమో నాకు తెలిసింది, పల్లపు మంచమైతే ప్రతిసారీ నరకమే. ఇంకా థర్మామీటర్, పల్చటి కాటన్ గుడ్డలు బాగా ఎక్కువ, బకెట్, బేబీ మంచం, రెండు మెటల్ వేడినీళ్ళ సీసాలు.

ఈ వేడినీళ్ళ సీసా గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ ఒక్కదాన్ని ఆవిడ వాడిన తీరు చూశాకే నాకు నమ్మకం కుదిరింది. మొదటిరోజు మేము ఇంటికొచ్చిన కాసేపటికే ఆవిడ వచ్చింది, చలికాలం, బయట వాన. చేతులు కడుక్కుని బాబు టెంపరేచర్ చూసింది, 36.4 ఉంది, 36.5 నుంచి 37.5 మధ్య ఉండాలి అంది. కెటిల్‌లో నీళ్ళు కాచి ఆ మెటల్ సీసాలో పోసి మూత బిగించింది, తర్వాత దాన్ని తలకిందులు చేసి సింక్ మీద పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది, ఒక్క చుక్కైనా కారుతుందేమో అని. కారలేదు. అప్పుడు దాన్ని గుడ్డ సంచిలో పెట్టి, మూత బాబు వైపు లేకుండా తిప్పి, బాబు ఒంటికి తగలకుండా మధ్యలో జానెడు ఖాళీ వదిలి మంచంలో పెట్టింది. ప్రతి స్టెప్పూ మా ఆయన చేత మళ్ళీ చేయించింది. కాసేపయ్యాక టెంపరేచర్ మళ్ళీ చూసి, 37 వచ్చింది కాబట్టి సీసా తీసేయండి, వేడెక్కువైనా ప్రమాదమే అంది. చేతులు చల్లగా ఉంటే భయపడొద్దు, మెడ వెనకాల ముట్టుకుని చూడండి, అక్కడ వెచ్చగా ఉంటే చాలు అంది. బేబీ ఎప్పుడూ వెల్లకిలానే పడుకోవాలి, తలగడ వద్దు, దుప్పటి భుజాల దాకానే, కాళ్ళు మంచం చివరికి ఆనేలా కిందకి పడుకోబెట్టాలి, అప్పుడు లోపలికి జారిపోయి దుప్పట్లో మునిగిపోవడానికి చోటుండదు. ఇవన్నీ వీడియోల్లో కూడా చెప్తారు, కాదనను, కానీ మన ఇంట్లో మన మంచం దగ్గర మన బిడ్డతో చేసి చూపిస్తే చేతికి అలవాటైపోద్ది.

ఇక నాకు చేసినవి. మనవైపు బిడ్డ పుట్టగానే అందరి కళ్ళూ బిడ్డ మీదే, తల్లిని చూడటమంటే పథ్యం పెట్టడమే. ఈవిడ రోజూ తలుపు తీయగానే మొదట అడిగేది "రాత్రి నువ్వెంతసేపు పడుకున్నావ్" అని. నా టెంపరేచర్, పల్స్, పొట్ట నొక్కి గర్భసంచి ఎంత కిందకి దిగిందో, బ్లీడింగ్ ఎలా ఉంది, కాళ్ళలో నొప్పి ఉందా, యూరిన్ సరిగ్గా అవుతోందా, ఇవన్నీ అడిగి రాసుకునేది. కుట్ల దగ్గర మంట అంటే యూరిన్ పోసేటప్పుడు పైనుంచి గోరువెచ్చటి నీళ్ళు పోసుకోమని ఒక చిన్న సీసా బాత్రూమ్‌లో పెట్టింది, ఎంత చిన్న విషయం, కానీ ఎవరూ చెప్పలేదు నాకు. మధ్యాహ్నం ఒక గంట ఫోన్ పక్కన పెట్టించి కర్టెన్ వేసేసేది.

మూడోరోజు గురించి రాయకపోతే ఈ రివ్యూ సగమే. పాలు పడటం మొదలై ఛాతీ రాయిలా అయిపోయి, బాబు పట్టుకోలేక ఏడుస్తుంటే, నాకు కారణం లేకుండా కన్నీళ్ళు ఆగలేదు. అమ్మ కంగారు పడిపోయింది, "బాలింతవి ఏడవకూడదమ్మా, కళ్ళు పోతాయి" అంటోంది, మా ఆయనకి ఏం చేయాలో తెలియక వంటింట్లోకీ గదిలోకీ తిరుగుతున్నారు. ఆవిడ మాత్రం నా పక్కన మంచం మీద కూర్చుని, ఇది మేము రోజూ చూసేదే, మూడు నుంచి అయిదో రోజు మధ్యలో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, చాలామందికి వస్తుంది, ఏడవాలనిపిస్తే ఏడువు, రెండు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం మిడ్‌వైఫ్‌కో ఫ్యామిలీ డాక్టర్‌కో తప్పకుండా చెప్పాలి అంది. తర్వాత అమ్మ వైపు తిరిగి ఇంగ్లీష్‌లో నెమ్మదిగా అదే చెప్పింది, మా ఆయన తెలుగులో చెప్పారు. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "నాకూ నీ అప్పుడు ఇలాగే అయ్యింది, ఎవరికీ చెప్పలేదు" అంది. నేనా మాట ఎప్పుడూ వినలేదు.

అదేరోజు పాలు పట్టించడం దగ్గర ఆవిడ చాలాసేపు ఉంది. ముందు కొంచెం చేత్తో పిండి ఛాతీ మెత్తబడ్డాకే పట్టించమంది, బాబు ముక్కు నిపుల్‌కి ఎదురుగా వచ్చేలా పట్టుకుని నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి, అప్పుడు బాబునే నా దగ్గరకి తీసుకురావాలి గానీ నేను ముందుకి వంగకూడదని చూపించింది. సరిగ్గా పట్టుకున్నాడో లేదో గుటక చప్పుడు వినమంది. పాలు సరిపోతున్నాయా అన్న దిగులుకి డైపర్ లెక్క నేర్పింది, మొదటిరోజు కనీసం ఒక తడి డైపర్, రెండోరోజు రెండు, మూడోరోజు మూడు, అలా పెరుగుతూ వారం నిండేసరికి రోజుకి ఆరు దాటాలి. మొదటి రోజుల్లో బరువు కొంచెం తగ్గుతుంది, పుట్టిన బరువులో పది శాతం దాకా వస్తుంటే మాత్రం మిడ్‌వైఫ్ చూసి ఏం చేయాలో చెప్తుంది, మావాడు అంత తగ్గలేదు. నర్సింగ్ చదివిన మా కజిన్ ఫోన్ చేసి ఏమేం చెప్పిందో అడిగి, అంతా కరెక్ట్‌గానే చెప్పింది అంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, అమ్మకీ ఆవిడకీ పొసిగిందా అని. అన్నీ పొసగలేదు. అమ్మ సాంబ్రాణి వేస్తానంటే ఆవిడ పొగ బేబీ ఉన్న గదిలో అస్సలు వద్దంది. కాటుక వద్దు, ముక్కులో చెవుల్లో నూనె చుక్కలు వద్దు, ఏడాది నిండేదాకా తేనె నాలిక్కి రాయడం కూడా వద్దు అంది, వీటి మీద మేమిద్దరం ఆవిడ పక్షమే, వీటికి డాక్టర్లు చెప్పే కారణాలున్నాయి. బాలింత నీళ్ళెక్కువ తాగకూడదని అమ్మ, పాలిచ్చే ప్రతిసారీ గ్లాసుడు నీళ్ళు తాగాల్సిందేనని ఆవిడ, ఇక్కడ మూడు రోజులు నడిచింది యుద్ధం, చివరికి అమ్మ జీలకర్ర వేసి కాచిన నీళ్ళు ఫ్లాస్క్‌లో పోసి నా పక్కన పెట్టడం మొదలెట్టింది, ఆవిడ ఆ ఫ్లాస్క్ ఖాళీ అయ్యిందో లేదో చూసేది. బేబీ పడుకునే గది 18 డిగ్రీలుంటే చాలంటే అమ్మకి ఇప్పటికీ నచ్చలేదు.

కానీ పథ్యం జోలికి ఆవిడ రాలేదు. వెల్లుల్లి కారం, శొంఠి పొడి, బీరకాయ కూర చూసి ఏంటని అడిగి, కూరలున్నాయి పప్పుంది బాగుంది, పళ్ళు కూడా పెట్టండి అంది, అంతే. స్నానం దగ్గర అయితే అమ్మకి పూర్తి గౌరవం ఇచ్చింది. ఇక్కడ బేబీని బకెట్ లాంటి టబ్‌లో నిలువుగా కూర్చోబెట్టి స్నానం చేయిస్తారు, మొదట ఆవిడ అలా చూపించింది, నీళ్ళు 37 డిగ్రీలు, ముందు థర్మామీటర్‌తో తర్వాత మోచేత్తో చూసి. బాబు ఆ నీళ్ళల్లో కళ్ళు తెరుచుకుని కదలకుండా ఉన్నాడు. రెండుమూడు రోజులయ్యాక అమ్మ నేను కాళ్ళ మీద పోస్తానంటే, సరే చూపించండి అని ఆవిడ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. అమ్మ చిన్న స్టూల్ మీద కూర్చుని కాళ్ళు చాపి, మోకాళ్ళ కింద బాబుని బోర్లా వేసుకుని, ఒక చేత్తో ముఖానికి నీళ్ళు తగలకుండా అడ్డం పెట్టి మగ్గుతో పోసింది. ఆవిడ చూస్తూ ఉండి, తల పట్టు చాలా బాగుంది, ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టడం చాలా బాగుంది, గది కొంచెం వెచ్చగా పెట్టుకోండి, మరీ గట్టిగా రుద్దకండి అని అంతే చెప్పింది. అమ్మ ఆరోజు సాయంత్రం ఇండియాకి ఫోన్ చేసి పిన్నికి ఇదే చెప్పింది చాలాసేపు.

అమ్మ చేసేది ఆవిడ చేయలేదు, ఆవిడ చేసేది అమ్మ చేయలేదు, ఇదే నేను చెప్పాలనుకున్నది. అమ్మకి బిడ్డల్ని పెంచిన అనుభవం ఉంది కానీ ఎప్పుడు మిడ్‌వైఫ్‌కి ఫోన్ చేయాలి, బేబీ ఒళ్ళు పసుపుగా కనిపిస్తే ఇక్కడ ఎవరు చూస్తారు, రాత్రి రెండింటికి ఎవరికి చెప్పాలి, ఇవి తెలియవు. మావాడికి నాలుగోరోజు పొద్దున ముఖం, ఛాతీ కొంచెం పసుపుగా ఉన్నాయని కిటికీ దగ్గర వెలుతుర్లో చూసి పట్టుకుంది ఆవిడే, వెంటనే మిడ్‌వైఫ్‌కి ఫోన్ చేసింది, బ్లడ్ టెస్ట్ అయ్యింది, కామెర్లు లైట్ కింద పెట్టాల్సినంత లేవని తేలింది. మేము ముగ్గురం అదే బాబుని పొద్దుట్నుంచి చూస్తూనే ఉన్నాం, మాకెవరికీ కనిపించలేదు.

మా ఆయన గురించి కూడా రాయాలి. పార్ట్‌నర్‌కి పూర్తి జీతంతో ఒక వారం లీవ్ ఉంది ఇక్కడ, తర్వాత మొదటి ఆరు నెలల్లో ఇంకో అయిదు వారాల దాకా 70 శాతంతో తీసుకోవచ్చు, ఆ మొదటి వారం క్రామ్‌జోర్గ్ వచ్చే వారంతో కలిసేలా తీసుకోండి, విడిగా దాచుకోకండి. మనింట్లో అమ్మా అత్తయ్యా ఉంటే మగవాళ్ళని బాలింత గదిలోకే రానివ్వరు, ఆవిడ మాత్రం ప్రతిదీ ముందు ఆయన చేతికే ఇచ్చేది, డైపర్, బొడ్డు దగ్గర శుభ్రం చేయడం, త్రేనుపు తెప్పించడం, ఫైల్‌లో రాయడం. వారం చివరికి రాత్రిళ్ళు బాబు లేస్తే ఆయనే లేచి డైపర్ మార్చి నాకు తెచ్చిచ్చేవారు, పాలయ్యాక మళ్ళీ తీసుకెళ్ళేవారు. ఆవిడ రాకపోతే ఇది ఇంత త్వరగా జరిగేది కాదు, ఆయనే అంటారు ఆ మాట.

కాగితాల పనులు కూడా ఆవిడే గుర్తుచేసింది. పుట్టిన 3 రోజుల్లో గెమెంటేలో, అంటే ఇక్కడి మున్సిపాలిటీ ఆఫీసులో, రిజిస్టర్ చేయాలి, అంటే పేరు అప్పటికే ఖాయం అయిపోవాలి, 21వ రోజు బారసాలలో పెడదాం అంటే ఇక్కడ కుదరదు. మేము కాగితం మీద పేరు రిజిస్టర్ చేసి, బియ్యంలో రాయడం, తొట్టెలో వేయడం బారసాల రోజున చేసుకున్నాం, ముందే పంతులుగారితో అక్షరం మాట్లాడుకున్నాం కాబట్టి ఇబ్బంది కాలేదు. తర్వాత మడమ దగ్గర గుచ్చి కొన్ని చుక్కల రక్తం తీసే టెస్ట్ ఒకటి ఉంటుంది, పుట్టుకతో వచ్చే కొన్ని జబ్బుల కోసం, 72 గంటలు దాటాక ఇంటికే వచ్చి చేస్తారు, చాలాచోట్ల వినికిడి టెస్ట్ కూడా అప్పుడే. ఆ సమయంలో బాబుకి పాలు పడుతూ ఉండమని ఆవిడ చెప్పింది, నిజంగానే తక్కువ ఏడ్చాడు. విటమిన్ డి రోజుకి 10 మైక్రోగ్రాములు మొదలుపెట్టడం కూడా ఫైల్‌లో రాసిపెట్టి వెళ్ళింది.

నచ్చనివి. ఏజెన్సీ పేరు రాయను, కానీ జరిగింది చెప్తా. వారం మధ్యలో మాకు వస్తున్న ఆవిడని మార్చి వేరే ఆవిడని పంపించారు, ఒక్కరోజు ముందు మెసేజ్ పెట్టి. కొత్తావిడ మంచిదే, కానీ మొదటావిడ చెప్పినదానికి వేరేగా, పాలకి టైమ్ పెట్టుకుని మూడు గంటలకోసారి లేపి ఇవ్వమంది, మొదటావిడేమో బాబు అడిగినప్పుడల్లా ఇవ్వు, నాలుగు గంటలు మాత్రం దాటనివ్వకు అంది. బాలింతకి ఆ సమయంలో ఇద్దరి దగ్గర రెండు మాటలు వినే ఓపిక ఉండదు. మిడ్‌వైఫ్‌ని అడిగి తేల్చుకున్నాం. మా ఆయన ఏజెన్సీకి ఫోన్ చేసి గట్టిగా అడిగితే చివరి రెండు రోజులకి మళ్ళీ మొదటావిడనే పంపారు. ఇంకొకటి, ఈమెయిల్స్ అన్నీ డచ్‌లోనే వచ్చాయి, ఇంగ్లీష్‌లో పంపమని రిజిస్ట్రేషన్‌లో టిక్ పెట్టినా సరే. ఇంకా పెద్దది, రాత్రిళ్ళు ఎవరూ ఉండరు. అందరికీ అసలు కష్టం రాత్రే కదా, ఈ సర్వీస్ పగటిదే, మధ్యాహ్నమో సాయంత్రమో వెళ్ళిపోతారు. అది ముందే తెలుసుకుని రాత్రికి మీలో ఎవరు ఎప్పుడు పడుకోవాలో అనుకుని ఉండండి.

చుట్టాలూ ఫ్రెండ్సూ వచ్చే విషయంలో మాత్రం ఆవిడ మాకు చేసిన మేలు మర్చిపోలేను. మనవాళ్ళు ప్రేమతోనే వస్తారు, డబ్బాల్లో వండుకుని తెస్తారు, కానీ కూర్చుంటే లేవరు, మనం లేవండి అనలేం. ఆవిడ అరగంట అవ్వగానే లోపలికొచ్చి, తల్లికి పాలిచ్చే టైమ్ అయ్యింది, మీరు తెచ్చిన వంట చాలా మంచి వాసన వస్తోంది, మళ్ళీ రండి అని నవ్వుతూ కోటులు తెచ్చి చేతికిచ్చేది. ఎవరూ నొచ్చుకోలేదు.

నా రేటింగ్ క్రామ్‌జోర్గ్ పద్ధతికి 5 కి 5, మొదట వచ్చిన ఆవిడకి కూడా అంతే, మా ఏజెన్సీ ఆఫీసుకి 3.

ఏజెన్సీ ఎంచుకునేటప్పుడు ఇవి తప్పకుండా అడగండి, వారమంతా ఒకే మనిషి వస్తారా, మారితే ఎన్నాళ్ళ ముందు చెప్తారు, ఇంగ్లీష్ బాగా వచ్చిన ఆవిడని పంపగలరా, పాలు పట్టించడంలో ప్రత్యేకంగా ట్రైనింగ్ అయినవాళ్ళు ఉన్నారా, మనుషులు తక్కువైతే మీకు రాసిన గంటలు తగ్గిస్తారా, తగ్గిస్తే ఎన్ని. ఫోన్‌లో అడిగినవి తర్వాత ఈమెయిల్‌లో కూడా రాయించుకోండి. వీసా విషయం ఒకటి, అమ్మానాన్నలకి షార్ట్ స్టే వీసా మీద 90 రోజులే, కాబట్టి డెలివరీ డేట్‌కి మరీ ముందు రప్పించకండి, మొదటి వారం క్రామ్‌జోర్గ్ ఎలాగూ ఉంటుంది, అమ్మ డేట్‌కి ఒకటి రెండు వారాల ముందు దిగితే క్రామ్‌జోర్గ్ వెళ్ళిపోయాక కూడా రెండు నెలల పైనే మీతో ఉంటుంది, అవసరం ఎక్కువ అప్పుడే. వచ్చేటప్పుడు సాంబ్రాణి బదులు ఇంకో నాలుగు పాత కాటన్ చీరలు తెమ్మనండి, ఇక్కడ కొన్న గుడ్డలకన్నా అవే మెత్తగా ఉన్నాయని మా క్రామ్‌జోర్గ్ ఆవిడే అడిగి మరీ వాడింది.